గోదావరి కోయల గట్లు: బస్తరు కథకు ముందు

భద్రాచలం మన్యపు కోయల గురించి ఏ పుస్తకం తిరగేసినా మొదట్లోనే ఒక మాట ఎదురవుతుంది. కరువుకూ తగవులకూ తాళలేక వీళ్లు బస్తరు పీఠభూమి దిగి గోదావరి ఒడ్డుకు చేరారని. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1870లలో 'ఇండియన్ యాంటిక్వరీ' పత్రికకు రాసిన వ్యాసాలు ఈ మాటకు మూలం. 1909లో థర్‌స్టన్ తన సంపుటాల్లోకి దాన్ని తీసుకున్నాడు. ఆ తర్వాత రాసినవాళ్లు పెద్దగా తరచి చూడలేదు. సుమారు రెండు వందల ఏళ్ల కిందట వచ్చామని స్థానికులు చెప్పుకుంటారని కెయిన్ రాశాడు. విన్నది రాయడంలో ఆయన తప్పేమీ లేదు. కొన్ని కుటుంబాల రాకను వంశాలన్నింటి పుట్టుకగా చదవడంలోనే చిక్కంతా ఉంది.

కోయ భాష గోండికి దగ్గరి చుట్టమనీ, ఏటి ఒడ్డునున్నవారు గొమ్ము కోయలనీ, కొండల మీదివారు గుట్ట కోయలనీ అందరూ రాసినవే. వంశం సంగతికి వస్తే ఇంటిపేరు దగ్గర ఆగితే సరిపోదు. మడివి, మడకం, కుంజా, సోడె, పాయం, సున్నం, కారం, పూనెం వంటి ఇంటిపేర్లు కొన్నేసి కలిసి ఒక్కో గట్టు కిందికి వస్తాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ వాటిని అంకెలతో చెప్పుకుంటారు. ఇంటిపేర్లు వేరైనా గట్టు ఒకటైతే అన్నదమ్ముల వరసే, పిల్లనిచ్చి పుచ్చుకోవడం కుదరదు. గట్టుకో ఇలవేల్పు, ఆ వేల్పుకో పడిగె (బొమ్మల జెండా), కొలుపునాడు పడిగె ముందు గట్టు పుట్టుక పాడే డోలి కోయలు ఉంటారు. చరిత్రకారులు బస్తరు దారి పట్టేముందు ఈ డోలివాళ్ల దగ్గర కూర్చోవలసింది.

ఆదిలాబాదు రాజ్‌గోండుల మీద 1948లో వెలువడిన హైమెన్‌డార్ఫ్ గ్రంథం పక్కన పెట్టుకుంటే విషయం ఇంకా విప్పారుతుంది. అక్కడ నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల వర్గాలుంటాయి. ఒక్కో వర్గానికి దాని దేవుడూ, కథ పాడే పర్ధానులూ ఉంటారు. ఆ గోండులు కెయిన్ విన్న కరువు వలసలో భాగం కారు. అయినా అంకె, వేల్పు, గాయకుడు అనే మూడూ ఇద్దరిలోనూ ఒకే పొందికలో ఉన్నాయి. ఈ కట్టుబాటు పదిహేడో శతాబ్దపు కరువు కన్నా చాలా పాతదని నేను నమ్మడానికి ఇదే ఆధారం. అయితే కట్టుబాటు పాతదైనంత మాత్రాన జనం ఈ ఒడ్డునే పాతవారని తేలదు. వస్తూ వెంట తెచ్చుకుని ఉండవచ్చు. ఈ అభ్యంతరం న్యాయమైనదే.

అందుకే ఊళ్ల వైపు చూడాలి. మేడారంలో సమ్మక్క పూజ సిద్దబోయిన, కొక్కెర, చందా ఇళ్లవారిది. కన్నెపల్లిలో సారలమ్మ కాక వారి వేల్పు. పూనుగొండ్లలో పగిడిద్దరాజు పెనక వారికి, కొండాయిలో గోవిందరాజు దబ్బకట్ల వారికి చెందుతారు. ఈ వేల్పులు కాకతీయ ప్రతాపరుద్రుడితో పోరాడారని జాతర కథ చెబుతుంది. ఆ యుద్ధం గురించి కాకతీయ శాసనాలు మాట్లాడవు కనుక ఆ కథను ఉన్నది ఉన్నట్టు చరిత్రగా నేను తీసుకోను. కానీ ఏ ఊరి వేల్పు ఏ ఇంటివారిదో చెప్పే ఈ లెక్క యుద్ధకథ మీద ఆధారపడింది కాదు. ఇన్ని ఇళ్లు, ఇన్ని ఊళ్లు మేడారం జాతరలో ఎవరి వంతు వారు ఎరిగి కలవాలంటే ఈ నేల మీద తరాలు గడవాలి.

భద్రాచలం ఆలయ కథలో పోకల దమ్మక్క కూడా ఉంది. భద్రగిరి మీద రాముడి విగ్రహాలు మొదట చూసిన ఆదివాసీ భక్తురాలిగా ఆమెను ఇంటిపేరుతో సహా తలుస్తారు. కంచర్ల గోపన్న గుడి కట్టించిన కాలం, కెయిన్ లెక్క ప్రకారం కోయలు బస్తరు దిగిన కాలం దాదాపు ఒకటే. ఆలయ గాథ తర్వాత కూర్చినది కనుక దీన్ని రుజువుగా నిలబెట్టను. అయినా ఆ గాథ చెప్పినవారికి ఆదివాసీలు ఈ ఒడ్డున కొత్తవాళ్లుగా తోచలేదన్నది తోసిపారేయదగ్గ సంగతి కాదు.

నా అంచనాలో రాకపోకలు రెండు వైపులా సాగాయి. కరువొస్తే కిందికి, ముఠాదారు (కొండ ఊళ్ల పన్ను వసూలుదారు) పీడిస్తే పైకి. 1879-80 రంప పితూరీ కాలంలో కారం తమ్మన్నదొర పోరు మల్కనగిరి దాకా పాకిందంటే చుట్టరికాలు అప్పటికే అడవంతా అల్లుకుని ఉండాలి. డోలి పాటలు కూడా పాడించుకునే ఇంటిని కాస్త పెంచి చెబుతాయి. వాటితో సంవత్సరాలు లెక్కగట్టలేం. ఎవరు ఎవరికి అన్నదమ్ములో మాత్రం అవి చెబుతాయి.

సరిహద్దులు మారినన్నిసార్లు ఈ వంశాలు చీలాయి. భద్రాచలం 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషువారికి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, 1959లో ఖమ్మానికి మారింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రకు పోయాయి. ముంపు పరిహారం ఇల్లూ ఎకరమూ లెక్కగడుతుంది, వేల్పు ఉన్న చోటును లెక్కలోకి తీసుకోదు. డోలి గాయకుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. పురస్కారం మంచిదే. కానీ గట్టు గట్టుకూ పాటలు పూర్తిగా రికార్డు చేసి, పాడిన ఊరితో సహా అచ్చువేయించే పని ప్రభుత్వ సంస్థలు ఎప్పుడో చేయాల్సింది. ఈలోగా కొందరు చదువుకున్న యువకులు తమ ఇంటిపేర్లకు పురాణ వంశాలు అతికిస్తున్నారు. వాళ్ల ఆత్మగౌరవ తపన నాకు అర్థమవుతుంది, ఆ దారి మాత్రం నచ్చదు. గట్టు చరిత్రకు అరువు వంశం అక్కర్లేదు.

అన్నిటికన్నా నన్ను బాధించేది గుత్తికోయల స్థితి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ప్రాణభయంతో దండకారణ్యం దాటి వచ్చిన వీళ్లలో ఎందరికో ఇక్కడివారి ఇంటిపేర్లే ఉన్నాయి, గట్టు అడిగితే చెబుతారు. అయినా ఛత్తీస్‌గఢ్‌లో వాళ్లకున్న షెడ్యూల్డ్ తెగ హోదా తెలంగాణలో దక్కడం లేదు, పోడు గుడిసెల్లో పరాయివాళ్లుగానే బతుకుతున్నారు. బస్తరు నుంచి దిగివచ్చినవారే ఇక్కడి కోయలని రాసుకున్న పుస్తకాలను మన కార్యాలయాలు నమ్మే మాటైతే, నిన్న అదే దారిన వచ్చినవారిని కాదనడానికి వాటి దగ్గర ఏ కారణమూ లేదు.