ఆచారం పేరు చెప్పేదెవరు?

2023 అక్టోబరు 17న మన సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. ఇద్దరు మగవాళ్లు గానీ, ఇద్దరు ఆడవాళ్లు గానీ చేసుకునే పెళ్లిని 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద గుర్తించలేమని, అది చట్టసభలు చూసుకోవాల్సిన పని అని చెప్పింది. ఆ కేసుకు పేరు వచ్చింది ఒక హైదరాబాదు జంట వేసిన పిటిషన్ వల్లే. దసరా సెలవులయ్యాక పదో తరగతిలో ఈ సంగతి చెబితే ఒక పిల్లవాడు, "అది పట్నపోళ్ల గొడవ సార్, మనకెందుకు?" అన్నాడు.

మనకూ ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. ఓలి ఇచ్చి పెద్దల ముందు చేసుకున్న పెళ్లికి ఆధారం మన ఆచారమే. మరి ఆ ఆచారం ఏమంటుందో చెప్పేదెవరు? ఈ ప్రశ్న అమెరికాలోని మూలవాసులకు మనకంటే ముందే ఎదురైంది.

అక్కడ తెగలకు సొంత ప్రభుత్వాలు, సొంత కోర్టులు ఉన్నాయి. దేశ రాజ్యాంగంలోని హక్కుల నిబంధనలు వాటిని నేరుగా కట్టడి చేయవని అక్కడి సుప్రీంకోర్టు 1896లోనే చెప్పింది. అందుకే 2015 జూన్ 26న స్వలింగ వివాహాన్ని 50 రాష్ట్రాల్లోనూ హక్కుగా ప్రకటించిన తీర్పు, తెగల చట్టాలను మార్చలేదు. ఏ తెగ సంగతి ఆ తెగే తేల్చుకోవాలి.

చెరోకీల కథ చూడండి. 1838లో సైన్యం తరిమితే దారిలో వేల మందిని పోగొట్టుకుని ఓక్లహోమా చేరిన తెగ ఇది. 2004 మే నెలలో ఇద్దరు చెరోకీ స్త్రీలు తెగ కోర్టుకు వెళ్లి పెళ్లి దరఖాస్తు అడిగారు. గుమాస్తా ఇచ్చాడు. పెళ్లి మగకూ ఆడకూ మధ్యే జరగాలని అప్పటి తెగ చట్టంలో స్పష్టంగా లేదు. వాళ్లు పెళ్లి చేసుకున్నారు. జూన్‌లో తెగ మండలి ఒక్క ఓటూ వ్యతిరేకంగా పడకుండా ఆ స్పష్టత తెచ్చేసింది. ఇకపై మగా ఆడా మధ్యే పెళ్లి!

మండలి తరఫు వకీలు టాడ్ హెంబ్రీ, తెగ సభ్యుడిగా, ఆ ఇద్దరి పెళ్లి చెల్లదని కేసు వేశాడు. వాళ్ల పెళ్లి వల్ల నీకు జరిగిన నష్టమేమిటో చూపలేదంటూ 2005లో తెగ కోర్టు కొట్టేసింది. తర్వాత మండలి సభ్యులు వేసిన కేసుకూ అదే గతి పట్టింది.

అసలు విశేషం ఇప్పుడు. అదే హెంబ్రీ తర్వాత తెగ అటార్నీ జనరల్ అయ్యాడు. 2016 డిసెంబరు 9న, 2004 నాటి చట్టం తెగ రాజ్యాంగానికే విరుద్ధమని అభిప్రాయం రాసి ఇచ్చాడు. తెగ పాత చరిత్రలో ఇలాంటి బంధాలకు ఆనవాళ్లున్నాయనీ ఎత్తిచూపాడు. పన్నెండేళ్లలో ఒక మనిషి ఇంత దూరం నడవడం చూసి నాకైతే అతని మీద గౌరవమే కలిగింది.

ఆరెగాన్‌లోని కోకిల్ అనే చిన్న తెగను 1954లో ప్రభుత్వం రద్దు చేసింది, 1989లో తిరిగి గుర్తించింది. రాష్ట్రం స్వలింగ వివాహాన్ని నిషేధించి ఉండగానే ఆ తెగ 2008లో దానికి చోటిస్తూ చట్టం చేసుకుంది. నవాహోలు దీనికి ఎదురు దారి పట్టారు. 2005లో నిషేధ చట్టాన్ని వాళ్ల అధ్యక్షుడు తిప్పి పంపితే, మండలి మళ్లీ నెగ్గించుకుంది. ఆడా మగా అన్న రెండింట్లోనూ పూర్తిగా ఇమడని మనిషికి నవాహో భాషలో పూర్వం నుంచీ 'నాద్లే' అన్న మాట ఉంది. ఆ మాట ఉండగానే ఆ చట్టమూ వచ్చింది.

ఇది చదువుతుంటే మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఒకే పొయ్యి మీద వండుకు తిన్నారు, ఒకే పోడు చేశారు. ఊళ్లో ఎవరూ ఏమీ అనలేదు, పేరూ పెట్టలేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెళ్లయినవాళ్లకైతే పట్టా భార్యాభర్తలిద్దరి పేర్ల మీద ఇస్తారు. వీళ్లకు ఒకామె పేరు మీదే వచ్చింది. ఆమె పోయాక భూమి ఆమె అన్న కొడుకులకు వెళ్లింది. పెద్దలు కూర్చున్న రోజు రెండో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. వానలు పడేలోగా ఆమె చెల్లెలి ఊరు వెళ్లిపోయింది.