తెర మీద పాఠానికీ యాభై ఏళ్లు

ఆన్‌లైన్ చదువు కరోనాతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి తెర మీద పాఠం మన పల్లెలకు వచ్చి యాభై ఏళ్లయింది.

1975 ఆగస్టు 1న ఇస్రో 'సైట్' ప్రయోగం ప్రారంభించింది. నాసా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరివారికి ప్రసారాలు. అప్పుడే ఎన్‌సీఈఆర్‌టీ వేలమంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చింది. టీవీ, రేడియో, అచ్చు పాఠాలు, చేతితో చేసే ప్రయోగాలు నాలుగూ కలిపిన ఆ శిక్షణను ఆనాడే 'మల్టీమీడియా' అన్నారు. అందులో ప్రయోగమూ భాగమేనన్నది గమనించాలి.

లోపం ఒక్కటే. అర్థంకాని పిల్లవాడు టీవీని ఆపి అడగలేడు. 1984లో యూజీసీ దూరదర్శన్‌లో మొదలుపెట్టిన కళాశాల పాఠాలదీ అదే తీరు. పైగా అవి ఇంగ్లిషులో వచ్చేవి.

2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఎగిరింది. స్టూడియోలోని మాస్టారిని విద్యార్థి ప్రశ్నించే వీలు కలిగింది. అయితే చాలా కేంద్రాల్లో ఉన్నవి పాఠాన్ని అందుకునే పరికరాలే. తిరిగి మాట పంపేవి కావు.

2020లో బడులు మూతపడ్డప్పుడు సప్తగిరి, యాదగిరి, టీ-శాట్ ఛానళ్లు ఆదుకున్నాయి. ఫోన్లలోనూ పాఠాలు నడిచాయి. కానీ ఇంట్లో ఫోను ఒకటి, చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు. మైకు ఆపేసుకున్న పిల్లవాడికి పాఠం ఎక్కిందో లేదో మాస్టారికి తెలిసే దారి లేదు.

గుండె కవాటం తెరుచుకోవడం, మోటారులో ఆర్మేచర్ తిరగడం నల్లబల్ల మీద చూపడం కష్టం. తెర మీద తేలిక. కళ్లెదుట కదిలినదంతా అర్థమైపోయిందనిపించడమే ఇందులోని చిక్కు. బొమ్మను మధ్యలో ఆపి, "తర్వాత ఏమవుతుందో చెప్పరా" అని అడిగే మనిషి గదిలో ఉండాలి.

స్వర్ణోత్సవ కానుకగా మన బడికి డిజిటల్ తరగతి గది కట్టించాలన్న ప్రతిపాదన ఉంది. తప్పక కట్టిద్దాం. అయితే నిధి మొత్తం తెరలకే ఖర్చుపెట్టొద్దు. ఐదేళ్ల మరమ్మతులకు, ప్రయోగశాల సామగ్రికి, ఉపాధ్యాయుల శిక్షణకు సగం పక్కన పెడదాం. ఏ పాఠానికి తెర కావాలో, దేనికి అక్కర్లేదో మాస్టార్లనే నిర్ణయించనిద్దాం.