డీజిల్ కారు ఇంజన్ మన్నిక – యజమాని అలవాట్లు

ఆధునిక డీజిల్ కారు ఇంజన్ ఎంతకాలం నమ్మకంగా పనిచేస్తుందన్నది దాని నిర్మాణంతో పాటు యజమాని అలవాట్లపైనా ఆధారపడి ఉంటుంది. పాత ట్రాక్టరుకు చెల్లిన నిర్లక్ష్యం ఈ ఇంజన్‌కు చెల్లదు. అప్పు చేసి సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్న కుటుంబానికి, ఇన్‌జెక్టర్లో టర్బోనో పాడైతే ఆ అప్పుపై మరో అప్పు తప్పదు.

నిర్మాణంలో వచ్చిన మార్పు

1997లో ఆల్ఫా రోమియో 156 కారుతో కామన్ రైల్ పద్ధతి ప్రయాణికుల కార్లలోకి ప్రవేశించింది. ఇందులో డీజిల్‌ను అత్యధిక పీడనంతో, వెంట్రుకకు కొంచెం పైబడిన మందం గల రంధ్రాల గుండా చిమ్ముతారు. 2003లో ఫియట్ విడుదల చేసిన 1,248 సీసీ మల్టీజెట్ ఇంజన్‌లో ఈ పీడనం సుమారు 1,400 బార్లు. కారు టైరులోని గాలి పీడనం 2 బార్లకు కాస్త ఎక్కువ. తేడా దీన్ని బట్టే ఊహించవచ్చు. ఈ ఇంజనే 2007 నుంచి మారుతి స్విఫ్ట్‌లోను, తరువాత టాటా ఇండికా విస్టాలోను వచ్చింది. 2020లో మారుతి డీజిల్ కార్ల తయారీని మానుకున్నా, ఆ కార్లు నేటికీ చేతులు మారుతూనే ఉన్నాయి.

ఇంజన్ ఆయిల్

మల్టీజెట్‌లో టైమింగ్ చైనును బిగువుగా ఉంచేది ఆయిల్ పీడనమే. ఆయిల్ తగ్గినా, చిక్కబడి మడ్డి కట్టినా చైను సాగుతుంది. పళ్లు తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ పాడవుతుంది. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దానికీ ఆయిలే ఆధారం. కాబట్టి దూరప్రయాణం లేదా ఘాట్ ఎక్కిన వెంటనే ఇంజన్ ఆపరాదు. ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వాలి.

చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందయితే అప్పుడు ఆయిల్ మార్చాలని చెబుతారు. దుమ్ము దారుల్లోనూ, తరచూ కొద్ది దూరాలకూ తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలని కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఉంటుంది. మన పల్లె బండ్లు ఈ కోవలోనివే.

ఇంధనం

రాష్ట్రాల పన్నుల్లో తేడాల వల్ల సరిహద్దుకు ఇరువైపులా డీజిల్ ధర ఒకటిగా ఉండదు. తక్కువ ధర ఉన్న వైపు నుంచి డబ్బాల్లో తెచ్చి ఇంట్లో నిల్వ చేసే అలవాటు ఇందుకే వచ్చింది. నిల్వ డీజిల్‌లోకి తేమ, దుమ్ము చేరతాయి. నీరు అధిక పీడన పంపును తుప్పు పట్టిస్తుంది. నలుసులు ఇన్‌జెక్టర్ రంధ్రాలను అరగదీస్తాయి. లీటరుకు మిగిలిన నాలుగు రూపాయలు ఒక్క మరమ్మతుతో పోతాయి. మంటల ప్రమాదం వేరు. ట్యాంకును బంకులోనే నింపించుకుని, డీజిల్ ఫిల్టర్‌ను సకాలంలో మార్చి, అందులో చేరిన నీటిని తీయించాలి. నీటి హెచ్చరిక దీపం వెలిగితే ప్రయాణం కొనసాగించరాదు.

మసి ఫిల్టర్

2020 ఏప్రిల్ 1న దేశమంతటా భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. అప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. పేరుకున్న మసి సుమారు 600 డిగ్రీల వేడిలో కాలిపోవాలి. ఇంటి నుంచి సంత దాకా, సంత నుంచి ఇంటి దాకా మాత్రమే తిరిగే బండికి ఆ వేడి అందదు. మసి కాలే పని సగంలో ఆగినప్పుడల్లా కొంత డీజిల్ ఆయిల్‌లో కలిసి, దానిని పలచన చేస్తుంది. అందువల్ల కొలకర్రపై ఆయిల్ మట్టం పెరిగినా ప్రమాద సూచనే. అప్పుడప్పుడు 20 నిమిషాలు హైవేపై నిలకడ వేగంతో నడపడం మేలు. ఈ బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి.

కొన్ని కార్లకు పొగను శుద్ధి చేసే ద్రవం కూడా పోయాలి. అది 32.5 శాతం శుద్ధమైన యూరియా ద్రావణం. పొలానికి చల్లే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. దానిని నీళ్లలో కలిపి పోస్తే ఆ వ్యవస్థ మొత్తం చెడిపోతుంది.

పాత కారు కొనేవారికి

సర్వీసు పుస్తకంలో తేదీలు, కిలోమీటర్లు సరిపోలుతున్నాయా చూడాలి. తెల్లవారి చల్లని ఇంజన్‌ను మీ ఎదుటే స్టార్టు చేయించాలి: గలగల శబ్దం చైను సాగినదానికి, నీలి పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు కావచ్చు. ముందుగానే వేడి చేసి ఉంచిన బండిని చూపితే, మరునాడు మళ్లీ వెళ్లి చూడడం మంచిది.