తుపాకీ పోయి కెమెరా వచ్చె

ఆదివారం టిఫిను ఆలస్యమైందంటే మావారు పిల్లలతో చెప్పే మాట ఒక్కటే: "మీ అమ్మ పిట్టల పేరంటానికి వెళ్లిందర్రా!" పిల్లలు పకపకా నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. నలభై దాటాక పట్టుకున్న పిచ్చి ఇది, అంత తొందరగా వదిలేది కాదు. నవలలు రాసుకునేదానివి, మెడలో ఆ బరువేమిటమ్మా అని మా అత్తగారు కూడా అడిగారు. జవాబు చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ కట్టడం 1931కి పూర్తయింది. కాలువలు పారాయి. నీళ్ల వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. దాని చుట్టూ లేచిన ఊరు శక్కర్‌నగర్ అయింది. ఇదంతా మనుషుల కథ. కాలువ నీళ్లు మనుషుల కోసమే తెచ్చారు గానీ, ఆ సంగతి పిట్టలకు ఎవరు చెప్పారు? తడి ఉన్నచోటికల్లా అవీ వచ్చి చేరాయి.

చిత్రం చూడండి, నిజాంసాగర్ పూర్తయిన ఆ 1931లోనే సలీం అలీ హైదరాబాదు సంస్థానంలో ఏ పక్షులున్నాయో తేల్చడానికి బయల్దేరారు. ఆయన సర్వేలకు భార్య తెహమీనా కూడా వెంట వెళ్లేవారు. ఇంగ్లండులో చదువుకున్న ఆవిడ, అడవుల్లో గుడారాల కాపురం చేశారు. పుస్తకం మీద ఆవిడ పేరు కనిపించదు. మన ఇళ్లలో ఇది మనకు కొత్తేమీ కాదు కదా!

అయితే ఆ రోజుల్లో పిట్టను పరిశీలించడమంటే ముందు దాన్ని కాల్చడమే. చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి భద్రపరిచేవారు. శాస్త్రానికి అదే దారి. మరి కెమెరా లేదా అంటే, ఉంది. 1902లో కర్జన్ దొర హైదరాబాదు సంస్థానానికి వచ్చి పులిని కొడితే, దొర, దొరసాని, వారి ముందు చచ్చిన పులి, ముగ్గురినీ కలిపి రాజా దీన్‌దయాళ్ ఫొటో తీశారు. అంటే అప్పట్లో తుపాకీ పని అయ్యాకే కెమెరా పని. ఆ వరస మారడానికి చాలా ఏళ్లు పట్టింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కోతి కథలో తోక పోయి కత్తి వచ్చినట్టు, తుపాకీ పోయి కెమెరా వచ్చింది.

నా చేతికి వచ్చిన కెమెరా ఏడాది పొడుగునా ఖాళీగా ఉండదు. వానాకాలం గిజిగాళ్లది. మగపిట్ట సగం గూడు అల్లి, రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి తొంగి చూస్తుంది. నచ్చితేనే కాపురం, లేకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది. ఆ ఫొటోలు చూసి మా అత్తగారు, "మా కాలంలో ఈ పద్ధతి లేకపోయెనే" అన్నారు, మామగారి వైపు చూడకుండా!

దసరాకి పాలపిట్ట. ఇప్పుడది తెలంగాణ రాష్ట్రపక్షి. చిన్నప్పుడు జమ్మిచెట్టు దగ్గర ఒకాయన పంజరంలో తెచ్చి చూపిస్తే, డబ్బులిచ్చి దణ్ణం పెట్టినదాన్నే నేనూ. దాని కాళ్లకు తాడు కట్టి ఉందన్న సంగతి ఆనాడు నా కళ్లకు కనబడలేదు. చలికాలం వస్తే పొరుగునున్న పోచారం చెరువు. తలమీద రెండు నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. బోధను దారిలో చెరకు కొట్టే చోట తెల్లకొంగలు కూలీల వెనకే నడుస్తాయి, మట్టిలోంచి లేచే పురుగుల కోసం. అక్కడే ఒకామె కొడవలి ఆపి, "ఏందమ్మా, పొద్దుటిసంది అట్లనే కూసున్నవ్? కొంగల ఫొటో ఎవలు కొంటరు?" అంది. "ఎవరూ కొనరక్కా" అన్నాను. "గట్లయితే మాదన్న తియ్యి" అంది. తీశాను. నా ఫొటోల్లో మంచివాటిలో అదొకటి.

ఇక ఎండాకాలం. ఇది చెప్పడం కష్టం. మా పెరట్లో మల్లెపందిరిలో పికిలిపిట్ట గూడు పెట్టింది. మూడు పిల్లలు. ఆకులు అడ్డొచ్చి వెలుతురు పడటం లేదని రెండు కొమ్మలు పక్కకు లాగి దారంతో కట్టాను. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. దారం విప్పాలనుకుంటూనే వంటింట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి కాకి పని ముగించింది. తల్లిపిట్ట నోట్లో పురుగు పట్టుకుని ఖాళీ గూటి చుట్టూ సాయంత్రం దాకా తిరిగింది.

సలీం అలీ తుపాకీ పేల్చినందుకు ఓ కారణముంది. నాకేముంది? వెలుతురు చాల్లేదన్న సాకు తప్ప!

ఆ తర్వాత గూళ్ల జోలికి పోవడం మానేశాను. దూరం నుంచి తీస్తే పిట్ట చిన్నదిగా పడుతుంది, పడనీ. బోధను ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. ఆ గొట్టాల నుంచి పొగ రావటం లేదని పిట్టలకు తెలియదు. ఎవరు ఉన్నా, ఎవరు మూసుకుపోయినా, చెరువులో నీళ్లుంటే అవి చలికాలానికి వచ్చేస్తాయి. మనం చేయవలసిందల్లా వాటికి అడ్డం రాకుండా ఉండటమే.

ఆ మూడు పిల్లల ఫొటో మా హాల్లో ఉంది. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అంటారు. మావారు మాత్రం ఏమీ అనరు, నా వైపు ఒకసారి చూస్తారు. దాన్ని తీసేయమని ఆయన అడగలేదు, నేనూ తీయలేదు. కెమెరా భుజాన వేసుకుని గుమ్మం దాటే ముందు ఆ ఫొటో ఒకసారి చూసుకుని వెళుతుంటాను.