హార్డ్, హార్డ్‌లీ: ఈ 'లీ' తోక కథేంటి?

ఇంటర్వ్యూలో 'నేను కష్టపడి పనిచేశాను' అని చెప్పాలనుకుని 'ఐ వర్క్డ్ హార్డ్‌లీ' అన్నారనుకోండి. అవతలివాళ్ళకు ఏం వినిపిస్తుందో తెలుసా? 'నేను పెద్దగా పనే చెయ్యలేదు' అని! ఉద్యోగం సంగతి ఇక మీకే తెలుసు.

మనకి ఈ పొరపాటు ఎందుకు వస్తుందంటే, తెలుగులో లెక్క సింపుల్. వేగం, వేగంగా. అందం, అందంగా. 'గా' తగిలిస్తే పనైపోయింది. ఇంగ్లీషులో 'లీ' కూడా అంతే అనుకుంటాం. కానీ 'కమ్ ఫాస్ట్‌లీ' అని ఎవరూ అనరు. ఎందుకు అనరో తెలియాలంటే వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

అప్పటి పాత ఇంగ్లీషులో విశేషణం చివర చిన్న 'ఎ' శబ్దం చేరిస్తే క్రియావిశేషణం అయ్యేది. అచ్చం మన 'గా' లాగే. హార్డ్, ఫాస్ట్ అన్నీ అలా నడిచినవే. తర్వాత ఏమైందంటే, జనం మాటల్లో ఆ చివరి 'ఎ' అరిగిపోయింది. 1400 నాటికి దాదాపు వినిపించకుండా పోయింది. దాంతో రెండు రూపాలూ ఒకటైపోయాయి. ఫాస్ట్ కార్, రన్ ఫాస్ట్: రెండుచోట్లా అదే మాట. అంటే హార్డ్, ఫాస్ట్ అన్నవి 'లీ' మర్చిపోయిన మాటలు కాదు, 'ఎ' పోగొట్టుకున్న మాటలు.

మరి 'లీ' ఎక్కడిది? ఇది భలే ఉంటుంది. పాత ఇంగ్లీషులో 'లీచ్' అంటే శరీరం. ఇంగ్లండ్‌లో పాత చర్చిల ముందు పైకప్పున్న గేటు ఒకటి కనిపిస్తుంది. శవాన్ని అక్కడ దించి పాదిరీ కోసం ఆగేవారు. దాన్ని ఇప్పటికీ లిచ్ గేట్ అంటారు. 'ఫలానా రూపం ఉన్న' అనే అర్థంలో ఈ మాటే ప్రత్యయంగా మారింది. అందుకే ఫ్రెండ్లీ అంటే 'స్నేహితుడిలాంటి' అని. అది విశేషణమే! 'లీ' ఉంది కదా అని క్రియావిశేషణం అనుకుంటే దెబ్బతింటాం. 'ఎ' పోయాక, క్రియావిశేషణాలు చేసే పని ఎక్కువగా ఈ 'లీ' మీదే పడింది.

అలా హార్డ్ పక్కన హార్డ్‌లీ కూడా నిలబడింది. మొదట్లో దానికీ 'గట్టిగా' అనే అర్థం ఉండేది. అది 'కష్టం మీద' అయింది, చివరికి 'దాదాపు లేదు' దగ్గర ఆగింది. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈమధ్య. ఇదీ అదే వరస. గుడ్, వెల్ మాత్రం వేరు. అవి మొదటినుంచీ వేర్వేరు మాటలు, అంతే.

ఇక 1762లో రాబర్ట్ లోత్ అనే మతాచార్యుడు ఒక గ్రామర్ పుస్తకం రాశాడు. తర్వాత లండన్ బిషప్ కూడా అయ్యాడు. విశేషణాన్ని క్రియావిశేషణంగా వాడటం సరికాదన్నాడు. తప్పులు ఎవరివి చూపించాడనుకున్నారు? షేక్‌స్పియర్ హామ్లెట్ నుంచి, డ్రైడెన్ నుంచి! నాకైతే ఇది కొంచెం అతి అనిపిస్తుంది. కానీ 1795లో లిండ్లీ మరే ఆయన బాటలోనే పుస్తకం రాయడం, అది బళ్ళలో విపరీతంగా చెల్లడంతో ఆ రూల్ పాతుకుపోయింది.

అయినా పాత అలవాటు చావలేదు. 1997లో ఆపిల్ యాడ్ 'థింక్ డిఫరెంట్' అనే వచ్చింది, డిఫరెంట్‌లీ అని కాదు. మన హైవేల మీద బోర్డులూ చూడండి: 'గో స్లో' అనే ఉంటుంది.