ఉప్పే దాని ఫైర్‌వాల్: ఆర్టీమియా కథ

ఈ రోజు హీరో పుట్టినప్పుడు సైజు అర మిల్లీమీటర్ దగ్గరే ఉంటుంది. మన కోస్తాలో ఏ రొయ్యల హేచరీకైనా వెళ్ళండి, ఆర్టీమియా గుడ్ల డబ్బాలు కనిపిస్తాయి. ఉప్పునీళ్ళలో వేస్తే ఒక్క రోజులో పిల్లలు బయటికొస్తాయి. రొయ్య పిల్లకి అవే మేత. ఆ గుడ్లలో చాలా భాగం అమెరికాలోని యూటా రాష్ట్రం, గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తాయి.

మరి అక్కడే ఎందుకు? ఆర్టీమియాకి ముల్లు లేదు, పెంకు లేదు, స్పీడ్ కూడా లేదు. చేప కనిపిస్తే ఇక అంతే. కానీ దానికి ఒక టాలెంట్ ఉంది. ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని ఒంట్లోంచి బయటికి తోసేస్తుంది. అందుకే శత్రువులు రాలేని చోట కాపురం పెట్టింది. సింపుల్‌గా చెప్పాలంటే, ఉప్పే దాని ఫైర్‌వాల్.

ఆ ఫైర్‌వాల్ ఒకసారి డౌన్ అయింది. 1959లో ఈ సరస్సు మధ్యలో రైలు కోసం రాళ్ళ కట్ట వేశారు. పెద్ద నదులన్నీ దక్షిణం వైపే కలుస్తాయి కాబట్టి అక్కడ ఉప్పు తగ్గింది, ఉత్తరాన విపరీతంగా పెరిగింది. 1980ల్లో వానలు, మంచు దంచికొట్టాయి. వరద తట్టుకోలేక 1984లో కట్టకి గండి కొట్టారు, 1987లో పంపులు పెట్టి నీళ్ళని ఎడారిలోకి తోడారు. ఈలోపు దక్షిణ భాగంలో ఉప్పు లీటరుకు 50 గ్రాముల దాకా పడిపోయింది.

అప్పుడు గేటు తెరుచుకున్నట్టయింది. ట్రైకోకోరిక్సా అనే నీటి పురుగు లోపలికొచ్చి ఆర్టీమియా పిల్లల్ని తినేసింది. మేతలో పోటీపడే కోపిపాడ్లు, రోటిఫర్లు కూడా వచ్చాయి. ఆర్టీమియా బాగా తగ్గింది. నాచుని తినేవాళ్ళు లేక నీళ్ళు పచ్చబడ్డాయి. యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వర్ట్స్‌బా, బెర్రీ ఇదంతా 1990లో పేపర్‌గా రాశారు. ఉప్పు మళ్ళీ పెరిగాక ఆర్టీమియా కూడా తిరిగొచ్చింది.

ఇదే లాజిక్‌ని వియత్నాం రైతులు పనిలో పెట్టారు. మెకాంగ్ డెల్టాలోని విన్ చౌలో 1980ల నుంచి ఎండాకాలం ఉప్పు మడుల్లో ఆర్టీమియా పెంచుతున్నారు. ముందు నీళ్ళని వల గుండా వడకట్టి చేప పిల్లల్ని ఆపుతారు. తర్వాత ఎండకి ఆరనిచ్చి, లీటరుకు సుమారు 80 గ్రాముల ఉప్పు తేలాకే పిల్లల్ని వదులుతారు. పోటీకొచ్చే జీవుల్ని మందు కొట్టి చంపక్కర్లేదు. ఎండ, ఓపిక చాలు.

అయితే ఉప్పు ఎంత ఎక్కువైతే అంత మంచిదా? కాదు! ఉప్పుని తోసెయ్యడానికే శక్తంతా ఖర్చయిపోతే ఎదుగుదల, గుడ్లు తగ్గుతాయి. 2022లో కరువుకి, నదుల నీళ్ళు వాడేయడానికి ఆ సరస్సు రికార్డు స్థాయికి ఎండింది. ఈసారి ప్రమాదం రివర్స్‌లో వచ్చింది. దక్షిణ భాగాన్ని కాపాడ్డానికి గండి దగ్గర అడ్డుకట్ట ఎత్తు పెంచారు. తర్వాత మంచు బాగా కురిసి కాస్త ఊపిరొచ్చింది.

అంటే యూటాలో మంచు కురవకపోతే, ఇక్కడ రొయ్య పిల్లకి మేత కష్టం. ఈసారి రొయ్యల వేపుడు తింటున్నప్పుడు ఆ ఉప్పు సరస్సుని ఒక్కసారి గుర్తు చేసుకోండి.