నెలకి ఎంత ఉంటే చాలు?

సాదాగా బతకడానికి నెలకి ఎంత కావాలి? ఈ ప్రశ్న వేసుకోని ఇల్లాలు ఉండదు. సరుకుల చీటీ, పాల లెక్క, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు వరసగా రాసుకుని, ఏది కొట్టెయ్యొచ్చా అని చూస్తూ ఉంటాం.

పెద్దపెద్దవాళ్లు కూడా ఈ లెక్క వేశారు. దాదాభాయి నౌరోజీ 1876లో మన దేశపు పేదరికం మీద చదివిన వ్యాసంలో జైలు ఖైదీకి అయ్యే తిండి, బట్ట ఖర్చును కొలతగా పెట్టుకున్నారు. మనిషికి ఏడాదికి సగటున వచ్చే 20 రూపాయలు ఆ ఖైదీ బతుక్కి కూడా చాలవని చూపించారు. 2013లో ప్రణాళికా సంఘం, 2011-12 ధరల ప్రకారం పల్లెల్లో మనిషికి నెలకి 816 రూపాయలని గీత గీసింది.

ఈ 816లో ఒక సంగతి ఉంది. ఖర్చుల సర్వేలో కొన్నవాటినే కాదు, సొంత చేలో పండిన గింజలకీ, అడవిలో ఏరుకొచ్చిన కట్టెలకీ కూడా ధర కట్టి కలుపుతారు. కాబట్టి 816 రూపాయల బతుకు బతకడానికి 816 రూపాయలూ చేతిలో ఉండక్కర్లేదు. ఎంత చేతిలో ఉండాలి, ఎంత చుట్టుపక్కల దొరుకుతుంది అన్నది ఊరిని బట్టి ఉంటుంది. మా పోలవరం ఎగువన ఉన్న కొండల చరిత్ర చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

పాపికొండల్లో కొండరెడ్లు పోడు చేసి జొన్న, సామ, చోళ్లు పండించుకునేవారు. గింజలు అయిపోతే జీలుగు మాను లోపలి మెత్తని భాగాన్ని ఎండబెట్టి, దంచి, పిండి చేసుకునేవారు. మామిడి టెంకలో జీడిని నానబెట్టి అంబలి కాచేవారు. ఎండాకాలంలో జీలుగు కల్లే సగం ఆహారం. వెదురు, ఆకు, తేనె అడవిలోవే, చేపలు గోదావరివే. ఉప్పు, గుడ్డ, ఇనుము మాత్రం సంతలో కొనాలి. వాటికి చింతపండో కుంకుడుకాయలో ఇస్తే సరిపోయేది.

మరి డబ్బు అవసరం ఎలా పెరిగింది? ఒక దారి పన్నుది. గోదావరి అవతల రంప ప్రాంతంలో తమ చెట్టు కల్లు తాము తాగడానికి కూడా కొండవాళ్లు చిగురుపన్ను కట్టాల్సి వచ్చింది. 1879లో అక్కడ లేచిన తిరుగుబాటుకి ఆ పన్ను ముఖ్యమైన కారణాల్లో ఒకటి. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చి పోడు మీద ఆంక్షలు పడ్డాయి. పోడు తగ్గితే గింజలు కొనాలి, కొనాలంటే కూలికి వెళ్లాలి. 1945లో వచ్చిన హైమెండార్ఫ్ పుస్తకం చదివితే, కొండరెడ్లు వర్తకుల కింద వెదురు కొట్టే పనికి వెళ్లి అప్పుల్లో చిక్కుకోవడం కనిపిస్తుంది. వాళ్ల కోరికలేం పెరగలేదు. చెట్టు దగ్గరికి వెళ్లే దారి మూసుకుపోయింది, అంతే.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. పోలవరం ప్రాజెక్టు కోసం రామయ్యపేట, దేవరగొంది, మామిడిగొంది, పైడిపాక లాంటి ఊళ్లు లేచిపోయాయి. పైనున్న ఊళ్లూ ఒక్కొక్కటిగా కాలనీలకి మారుతున్నాయి. 2013 భూసేకరణ చట్టం ఊరు వదిలిన కుటుంబానికి ఏడాదిపాటు నెలకి 3,000 రూపాయల జీవన భృతి ఇవ్వాలంటుంది. ఉద్యోగం కాకపోతే ఒకేసారి 5 లక్షలు గానీ, 20 ఏళ్లపాటు నెలకి కనీసం 2,000 గానీ (ధరలతో పాటు పెరిగేలా) ఇవ్వాలంటుంది. భూమికీ ఇంటికీ ఇచ్చేది వేరే.

మన చీటీ లెక్కే వేసి చూడండి. ఇంట్లో నలుగురుంటే 3,000ని నాలుగుతో భాగిస్తే మనిషికి 750. నెలకి 2,000 అయితే మనిషికి 500. ఈ రెండూ ఆ 816 కంటే తక్కువే. పైగా ఇక్కడ కట్టెలు కొనాలి, లేదా గ్యాసు బండ కొనాలి. చేప కొనాలి, చింతపండు కొనాలి, చీపురు కూడా కొనాలి.

"అడవిలో ఏమీ లేకుండానే బతికారుగా, వాళ్లకి అంత డబ్బెందుకు?" అనే మాట మా వైపు తరచూ వింటాం. ఏమీ లేకుండా ఎవరూ బతకలేదు. అడవి, నది, సంత ఉన్నాయి కాబట్టి తక్కువ డబ్బుతో గడిచింది. అదేం సుఖమైన బతుకని నేను అనను. జీలుగు పిండి తిన్నది ఆకలికి. కట్టెల మోపు మోసింది ఆడవాళ్ల నడుమే. జ్వరం వస్తే ఆసుపత్రికి పడవలో వెళ్లాలి. కాలనీలో రోడ్డు, బడి దగ్గరయ్యాయి, అది మంచిదే. కానీ చుట్టూ ఉన్నదంతా తీసేసి, మునుపటంత డబ్బుతోనే గడుపుకోమనడం న్యాయం కాదు.

మన ఇళ్ల లెక్కకీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. "మాకు పదిహేను వేలు చాలు" అనేవారిని చూసి చిన్నబుచ్చుకోకండి. వాళ్లకి సొంత ఇల్లు ఉందా, ఊరి నుంచి బియ్యం బస్తా వస్తుందా, పిల్లల్ని చూసే అత్తగారు ఉన్నారా అని అడగండి. మన చీటీలో కూడా కొనేవి ఒక పక్క, కొనకుండా వచ్చేవి ఇంకో పక్క రాయండి. ఆ రెండో పక్కది పోతే ఎంత కావాలో అప్పుడు తెలుస్తుంది.